తిప్పేశ్ బ్యాటరీ

పోయినేడు వరికోతల కాలంలో మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద జరిగింది ఒక ట్రాక్టర్ బ్యాటరీకి. పొద్దున్నే దాన్ని రెండు చేతులా ఎత్తి ట్రాలీలో పెట్టేవాళ్ళం. కింద గోనెపట్టా మడిచి వేసేవాళ్ళం, ఎండ తగలకుండా పైన పాత టవల్ కప్పేవాళ్ళం. సాయంత్రం దీపం పెట్టే వేళకు మళ్ళీ అంత భద్రంగా ఇంటికి తెచ్చేవాళ్ళం. కొత్త కోడలిగా నేను కెంచనగుడ్డకు వచ్చినప్పుడు కూడా నాకు ఇంత మర్యాద జరగలేదు. ఆ మాటే మా ఆయన చిదానందతో అంటే నవ్వాడు గానీ, అమ్మ ముందు మాత్రం అనొద్దన్నాడు.

ఆ బ్యాటరీ మా మరిది తిప్పేశ్ ట్రాక్టర్‌ది. అంతకు ముందటి ఏటి కోతల్లోనే తిప్పేశ్ పోయాడు. హచ్చొళ్ళి దగ్గర, కోస్తా నుంచి వచ్చినవాళ్ళ క్యాంపులో ఉండే రైతు పిచ్చయ్యగారి పొలంలో కోత మిషన్‌కు డీజిల్ అయిపోతే, ప్లాస్టిక్ క్యాన్లు వేసుకుని సిరుగుప్ప బంకుకు పోయాడు. మసక చీకట్లో కాలువ గట్టు మీదుగా తిరిగి వస్తూ ట్రాక్టర్‌తో సహా కాలువలోకి జారిపోయాడు. మేమంతా ఆ రాత్రి తారురోడ్డు పొడుగునా వెతికాం. గట్టు దారిన వస్తాడని ఒక్కరికీ తోచలేదు. తెల్లారి చూస్తే ట్రాక్టర్ వెనక భాగం నీళ్ళలో ఉంది, ముందు భాగం గట్టు మీద ఉంది, హెడ్‌లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. మనిషి పోయినా రాత్రంతా ఆ బ్యాటరీ దిగలేదని ఊరు ఊరంతా చెప్పుకుంది.

మెకానిక్ వచ్చి ఇంజిన్ విప్పి, ఆరబెట్టి, ఆయిల్ మార్చి బండిని నడిచేలా చేశాడు. నడిపేవాళ్ళు మాత్రం లేరు. మా వాకిట్లో రేకుల షెడ్డు కింద పెట్టేశాం. ఊరికే పెడితే బ్యాటరీ పాడైపోతుందమ్మా, దినామూ ఒకసారి స్టార్ట్ చేయాలని చెప్పి అతను వెళ్ళిపోయాడు. మా అత్త పక్కీరమ్మ ఆ మాటను వదల్లేదు. ప్రతి సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, చెప్పులు విడిచి ట్రాక్టర్ ఎక్కేది. తాళం తిప్పేది. ఇంజిన్ కాసేపు పలికాక, ఆపే తీగ గుంజి, కళ్ళకద్దుకుని దిగేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మోకాళ్ళు నొప్పులంటావు గదత్తా. దినామూ ఎందుకు ఎక్కడం? నీ కొడుకు చేస్తాడు లే."

"తిప్పాకి దావ తెలియల్ల గదమ్మా," అంది. "ఆ పొద్దు గూడా డీజిల్ ఇచ్చి ఇంటికే రావల్ల, దావలోనే పోయినాడు. యాడ తిరుగుతాండాడో. దీపం పెట్టే యాళకి బండి సద్దు ఇంటే, ఇల్లు ఈపక్క ఉండాదని తెలుసుకుంటాడు."

"ఇనపడకపోతే?"

"ఇనపడకపోతే ఎవుర్నో ఒకర్ని అడుగుతాడు. గట్టు మింద ఎవురు పోతాంటే వాళ్ళని."

బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా అత్త మీద మాత్రం ఉంది. ఆమె ఊరికే మాటలు పారేసే మనిషి కాదు. అందుకే ఆ మాట విన్న దగ్గర్నుంచి పొద్దు వాలితే నేను ఆ గట్టు దారి తొక్కడం మానేశాను.

మా పక్క ఇంకో పట్టింపు కూడా ఉంది. పొద్దు గూకినాక వెనక నుంచి ఎవరు పిలిచినా మొదటి పిలుపుకు పలకం. మనిషైతే రెండోసారి పిలుస్తాడు. కానిదైతే ఒక్కసారే పిలుస్తుంది. పలికితే మన వెంట ఇంటికొస్తుంది, వచ్చింది మళ్ళీ పోదు. నా పుట్టినూరు కురుగోడులో మా అవ్వ నాకు నడక నేర్పినప్పుడే ఇది కూడా నేర్పింది. బడి నుంచి వస్తుంటే స్నేహితురాళ్ళు పిలిచినా ఒక్క పిలుపుకు పలక్కుండా సాగిపోయేదాన్ని. పొగరుబోతు అని పేరొచ్చింది, పెళ్ళయ్యేదాకా పోలేదు.

ఇక ఆ బ్యాటరీ పొలానికి పోయిన సంగతి. తమ్ముడు పోయిన తర్వాత మా ఆయన ఒక్కటే పట్టు పట్టాడు. డీజిల్ కోసం ఎవడూ మసక చీకట్లో బంకుకు పరిగెత్తకూడదు, డీజిలే పొలానికి రావాలి. ఒక పెద్ద డ్రమ్ము కొన్నాడు. దానికి పెట్టే చిన్న పంపు కొన్నాడు. పంపు చూడటానికి టెంకాయంత ఉంటుంది. ఒక పైపు డ్రమ్ములోకి దిగుతుంది, ఇంకో పైపు చివర బంకులో ఉండేలాంటి గన్ను ఉంటుంది. కరెంటుకు బ్యాటరీ చాలు. ఎర్ర క్లిప్పు ప్లస్సుకు, నల్ల క్లిప్పు మైనస్సుకు తగిలించి స్విచ్చి వేస్తే డ్రమ్ములో డీజిల్ ట్రాక్టర్ ట్యాంకులోకి దూకుతుంది. పొద్దున బంకులో డ్రమ్ము నింపుకుని, ట్రాలీలో కట్టుకుని, మడి మడికీ తిరిగి ట్రాక్టర్లకూ కోత మిషన్లకూ పోయడమే పని.

మొదట్లో తాను నడిపే మా ఇంకో ట్రాక్టర్ బ్యాటరీకే తగిలించాడు. డీజిల్ పోసేటప్పుడు ఇంజిన్ ఆపాలి కదా. ఇంజిన్ ఆగి, పంపు తిరుగుతూ ఉంటే మధ్యాహ్నానికి బ్యాటరీ కాస్తా దిగిపోయేది. ఊళ్ళో బండ్లన్నిటికీ డీజిల్ పోసే ట్రాక్టర్ తనే స్టార్ట్ కాక బురదలో కూర్చునేది. కోత కూలీలు తోస్తూ నవ్వేవాళ్ళు. పంపుకు వేరే బ్యాటరీ ఉండాల్సిందేనని మా ఆయనకు అర్థమైంది. ఆ సాయంత్రం అన్నం తింటూ షెడ్డు వైపు చూశాడు. ఆ చూపు నేను చూశాను, మా అత్త కూడా చూసింది.

"అడుగప్పా, నోట్లోనే ఎందుకు పెట్టుకుంటావు," అంది అత్త.

"తిప్పా బండిలో బ్యాటరీ మంచిగుండాది గదమ్మా. ఈ కోతలు అయ్యేదాకా అంతే. పొద్దున తీసకపోయి సాయంత్రం బిగిచ్చేస్తా."

ఆమె చెంబులో నీళ్ళు తాగింది. పైట కొంగుతో మూతి తుడుచుకుంది.

"తీసకపో. కోతలకి పోకుండా వాడు ఎప్పుడుండినాడు. అయితే దీపం పెట్టే యాళకి నా బండిలో ఉండాల."

"ఉంటాది లేమ్మా."

"లేమ్మా గిమ్మా గాదు. వాడు దాన్ని పట్టుకోనే ఉండాడు చిదానందా. అది యాడికి పోతే ఆడికి వస్తాడు. పొద్దు గూకినంక దాన్ని గట్టు మింద తేవొద్దు. అంతే నేను చెప్పేది."

మా ఆయన తల ఊపాడు. ఆయనకు ఇలాంటివి పట్టవు, తల్లి మాట కాదనలేక ఊపాడు. నేను మాత్రం ఆ మాట మనసులో ముడి వేసుకున్నాను. నాకు ఉన్నది ఒక్క మొగుడు. ఆ గట్టు అప్పటికే మా ఇంట్లో ఒకణ్ణి తీసుకుంది, రెండోవాణ్ణి ఇవ్వడానికి నేను సిద్ధంగా లేను.

మొదటి రోజు నేను కూడా పొలానికి పోయాను. అన్నం క్యారియర్ ఒక చేతిలో, పంపు గన్ను ఇంకో చేతిలో. మా ఆయన బ్యాటరీని డ్రమ్ముకు దూరంగా గోనెపట్టా మీద పెట్టాడు, నిప్పురవ్వ లేస్తే ప్రమాదమని. క్లిప్పులు తగిలించి స్విచ్చి వేశాడు. అంతకు ముందు మా బ్యాటరీ మీద ఆ పంపు బొంగురుగా మూలిగేది. ఇప్పుడు సన్నగా, పైకి, ఒకే స్వరంలో మోగింది. తిప్పేశ్ ట్రాక్టర్ నడుపుతూ పళ్ళ సందున ఈల వేసేవాడు. ఊరి బయట ఉండగానే ఆ ఈల విని నేను పొయ్యి మీద చారు వెచ్చబెట్టేదాన్ని. గన్ను ట్యాంకులో పెట్టి అట్లాగే వింటూ నిలబడ్డాను. మా ఆయన నా వైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు. ట్యాంకు నిండి డీజిల్ పొర్లి నా చీర మీద పడ్డాక గానీ ఇద్దరం కదల్లేదు.

ఆ బ్యాటరీ దిగేది కాదు. పొద్దంతా పంపు తిరిగినా దాని జోరు తగ్గేది కాదు. సాయంత్రం మా అత్త ఇంజిన్ నడిపే ఆ కాసేపట్లో ఏం ఛార్జి ఎక్కుతుందో ఏమో, మర్నాటికి మళ్ళీ అదే ఈల. ఒకరోజు పిచ్చయ్యగారు తన కోత మిషన్ పక్కన నిలబడి చూసి ముచ్చటపడ్డారు. ఆయనది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం వాళ్ళదే.

"ఇదేం బ్యాటరీ అయ్యా, పొద్దున్నించీ చూస్తున్నా, అలుపే లేదు. ఎక్కడ కొన్నావు?" అంటూ చెయ్యి వేసి తట్టారు.

"మా తమ్మునిదండీ," అన్నాడు మా ఆయన.

ఆయన చెయ్యి తీసేశారు. మడి వైపు తిరిగారు.

"ఆ రోజు ఇక్కడే కూర్చున్నానయ్యా వాడి కోసం. డీజిల్ తేవడానికి ఇంతసేపా అని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ కూర్చున్నా. వాడేమో అప్పటికే..." అని ఆపి, కండువా దులుపుకుని గట్టు దాటి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ బ్యాటరీ దగ్గరికి ఆయన రాలేదు. డీజిల్ పోయించుకోవాల్సినప్పుడు మనిషిని పంపేవారు.

రోజులు గడిచేకొద్దీ మా ఆయనలో ఒక మార్పు కనిపించింది. క్లిప్పులు తగిలించేటప్పుడు నెమ్మదిగా "రా తిప్పా" అనేవాడు. తీసేటప్పుడు "చాలు, ఇంక పోదాం" అనేవాడు. మొదట వేళాకోళం అనుకున్నాను. ఒకరోజు ఎండ మరీ ఎక్కువగా ఉంటే నాతో, "వాన్ని కొంచిం నీడలో పెట్టు సవితా" అన్నాడు. ఎవరిని అని అడగబోయి, ఆయన ముఖం చూసి టవల్ అందుకున్నాను. ఆయనకు తాను అన్నది తెలియనే లేదు. టవల్ సర్దుతూ చూస్తే ఆ నల్లడబ్బా ఎండలో అంతసేపు ఉన్నా చల్లగా ఉంది. కాలువలో చెయ్యి పెడితే ఉండే చలువ అది.

ఇంటికి చేరే వేళ కూడా జరుగుతూ వచ్చింది. మొదట్లో ఎండ ఉండగానే వచ్చేవాడు. తర్వాత పొద్దు వాలాక వచ్చేవాడు. చివరికి మా అత్త వత్తి నూనెలో ముంచుతూ ఉండగా మా ట్రాక్టర్ మలుపు తిరిగేది. ఆమె అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఆమె అనకపోయినా నేను అన్నాను.

"దినాము దినాముకీ యాళ దాటిస్తాండావు. ఒక్క మిషన్‌కి తక్కువ పోస్తే ఏమైతాది?"

"కోతలు ఇంకెన్నాళ్ళుంటాయి? ఇంకొన్ని మడులే."

"ఆ గట్టు మింద పొద్దు గూకిందంటే, నీ డీజిల్ లేకుండానే నీకు నిప్పు పెడతా," అన్నాను. నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. భయం వేసినప్పుడు నాకు నోరు ఎక్కువవుతుంది, అది ఆయనకు తెలుసు.

అట్లా ఉండగా ఒకరోజు పొద్దున్నించే తూర్పున మబ్బు పట్టింది. సముద్రంలో ఏదో తుపాను లేచిందని ఫోన్లలో వస్తోంది. చేతికొచ్చిన సోనా వడ్లు తడిస్తే మొలకలొస్తాయి. ఊళ్ళో ఉన్న ప్రతి మిషన్ పొలంలోనే ఉంది, ప్రతి ట్యాంకుకూ డీజిల్ కావాలి. మా వాకిట్లో కూడా వడ్లు ఆరబోసి ఉన్నాయి. అందుకని నేను ఇంట్లోనే ఉండిపోయాను. నేనూ అత్తా కలిసి వడ్లు కుప్ప చేసి పట్టాలు కప్పాం. అంచుల మీద రాళ్ళు పెట్టేసరికి ఇద్దరి నడుములూ విరిగాయి. తలెత్తి చూస్తే పొద్దు ఎక్కడుందో తెలియడం లేదు. సాయంత్రం అయిందో, మబ్బుకే అంత చీకటి పడిందో చెప్పడానికి లేదు.

మా అత్త కాళ్ళు కడుక్కుని లోపలికి పోయి దీపం పెట్టింది. బయటికి వచ్చింది. దారి వైపు ఒకసారి చూసింది. చెప్పులు విడిచి ట్రాక్టర్ ఎక్కి కూర్చుంది.

"బ్యాటరీ రాల్యా గదత్తా," అన్నాను.

"తెలుసు."

"రానీ, దిగు. వానొస్తాది."

ఆమె దిగలేదు. తాళం పిడికిట్లో పట్టుకుని స్టీరింగ్ మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది. నేను బండి ముందుకు పోయి బ్యాటరీ పెట్టె మూత తీసి చూశాను. ఎందుకు చూశానో తెలియదు. పెట్టె ఖాళీ. రెండు తీగలూ చెరొక పక్కకు వేలాడుతున్నాయి. ఒకదానికొకటి తగలకుండా మా ఆయన పొద్దున నా పాత రవికె గుడ్డ చించి చుట్టిన చుట్లు అలాగే ఉన్నాయి. ఇది నా కళ్ళతో చూసింది కాబట్టి ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను.

మా ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తాడు. వెనక ట్రాక్టర్ మోత, గాలి.

"యాడుండావు?"

"గట్టు మింద. వస్తాండా. వాన పడకముందే దాటుతా."

"బ్యాటరీ?"

"ఎనక ట్రాలీలో ఉండాది. ఏమీ కాదులే. పెట్టు ఫోను."

పెట్టబోయాను. అంతలో ఆయనే అన్నాడు. "ఆగు. ఎవురో పిలిచినట్టుండాది."

"పలకొద్దు," అన్నాను.

"పిచ్చయ్యగారి మనిషేమో. డ్రమ్ము మూత గిన ఊడిపడిందేమో. ఉండు, ఆపి చూస్తా."

"ఎవురైనా సరే. రెండో తూరి పిలిచినంకనే. చెప్పింది ఇను."

అవతల ఇంజిన్ ఆగింది. గాలి మాత్రం వినిపిస్తోంది. కాలువ నీళ్ళ చప్పుడు కూడా వినిపించింది. ఆయన ఊపిరి వినిపించింది. ఆ తర్వాత, పక్కన నిద్రపోయే బిడ్డ లేస్తుందేమో అన్నంత మెల్లగా అన్నాడు.

"అన్నా అంటాండాడు సవితా. ట్రాలీలో నుంచి. ఇంటికి దావ యాడ అని అడుగుతాండాడు."

నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి "అత్తా" అని అరిచాను. ఆమె ఏమైంది అని అడగలేదు. తాళం పెట్టింది. తిప్పింది.

ఇంజిన్ ఒక్క పట్టుకే అందుకుంది.

పొగ గొట్టంలో నుంచి నల్లటి పొగ లేచి రేకులకు తగిలింది. షెడ్డు అదిరింది. నేను బ్యాటరీ పెట్టె ముందే నిలబడి ఉన్నాను. ఖాళీ పెట్టె అదురుతోంది, గుడ్డ చుట్టిన తీగలు రెండూ గాల్లో ఊగుతున్నాయి, దేనికీ తగలడం లేదు. నా చెయ్యి దానంతటదే ఫోన్‌ను ఇంజిన్ వైపు చాపింది. అట్లా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకునేసరికి ఆయన మాట్లాడుతున్నాడు.

"అది మన తిప్పా బండి సద్దు గదా."

"అదే."

"బ్యాటరీ నా కాడుండాది గదా."

"ఇంకా పిలుస్తాండాడా?" అని అడిగాను.

"ల్యా. ఇప్పుడెవురూ ల్యా."

"స్టార్ట్ చేసుకోని రా. ఎనక్కి తిరిగి చూడొద్దు. ఫోను పెట్టొద్దు."

ఆయన పెట్టలేదు. దారి పొడుగునా అవతల ఆయన ఇంజిన్, ఇవతల ఈ ఇంజిన్, మధ్యలో నేను. వాన మొదలైంది. మా అత్త తాళం మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. చివరికి మా ట్రాక్టర్ లైట్లు మలుపు తిరిగాయి. గేటు దాటి లోపలికి వచ్చాయి. ఆయన కిందికి దూకాడు, నిలువెల్లా తడిసి, వణుకుతూ. నాకు ఏడుపొచ్చింది. ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను.

అప్పుడు షెడ్డులో తిప్పేశ్ బండి ఇంజిన్ ఆగింది. మా అత్త ఆపే తీగ ముట్టుకోలేదు.

"వచ్చినాడు," అంది ఆమె.

"వచ్చినాడత్తా," అన్నాను ఏడుస్తూనే. తలెత్తి చూస్తే ఆమె మా వైపు చూడటం లేదు. మేము వాకిట్లో ఉన్నాం. ఆమె చూస్తున్నది ఇంటి గడపను.

మర్నాడు చూస్తే బ్యాటరీలో ప్రాణం లేదు. క్లిప్పులు తగిలిస్తే పంపు ముక్కలేదు, మూలగలేదు. సిరుగుప్పలో ఛార్జింగ్ షాపుకు తీసుకుపోతే, ఇది ఎప్పుడో పోయిన బ్యాటరీ, ఇన్నాళ్ళూ దీంతో పంపు ఎట్లా నడిచిందని అతను ఎదురు ప్రశ్న వేశాడు. మా ఆయన కొత్తది తెచ్చాడు. దాని మీద పంపు మామూలు పంపులాగే మోగుతుంది. మిగిలిన కోతలన్నీ అట్లాగే గడిచాయి. తిప్పేశ్ ట్రాక్టర్ మాత్రం ఆ తర్వాత స్టార్ట్ కాలేదు. కొత్త బ్యాటరీ పెట్టి చూశాం, మెకానిక్‌ను పిలిచాం. అన్నీ బాగానే ఉన్నాయి, ఎందుకు అందుకోవడం లేదో తెలియదన్నాడు.

మా అత్తకు దాని గురించి దిగులే లేదు. సాయంత్రాలు ఇప్పుడామె ట్రాక్టర్ వైపు పోదు. దీపం పెట్టి, గోడకు చేరగిలబడి హాయిగా కాళ్ళు చాపుకుంటుంది.

"ఎందుకత్తా పోవు?" అని అడిగితే, "ఇంటికి వచ్చినోన్ని మల్లా పిలిచే పనేముంది," అంటుంది. ఏడాదిగా పట్టని నిద్ర ఆమెకు ఇప్పుడు పడుతోంది. ఆమె ముఖం తేటపడటం చూసి నాకు సంతోషం కలిగింది, దాంతోపాటు భయమూ వేసింది.

ఎళ్ళమాస అమావాస్య నాడు చరగ చల్లడానికి అందరం పొలానికి పోయాం. రొట్టె, కలిపిన అన్నం పొలమంతా చల్లి, నేలతల్లికి పెట్టి రావడం మా పక్క ఆనవాయితీ. పోయినవాళ్ళ పేరున కూడా ఒక ముద్ద గట్టు మీద పెడతాం. మా అత్త ముందు నడుస్తూ చల్లుతోంది, మేము వెనక నీళ్ళ చెంబుతో నడుస్తున్నాం. ఎప్పుడో పోయిన మామ పేరున ముద్ద పెట్టింది. తిప్పేశ్ పేరున పెట్టలేదు. గుర్తు చేద్దామని నోరు తెరిచాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీకొక మాట చెప్పల్యా," అన్నాడు, అత్త వినపడనంత దూరం పోయాక. "ఆ పొద్దు గట్టు మింద వాడు దావ అడిగినాడు గదా."

"ఊ."

"నువ్వు అమ్మని పిలుస్తాంటివి. అప్పుడు నేను చెప్పేసినా."

చెంబు గట్టు మీద పెట్టేశాను.

"ఎట్ల చెప్పకుండా ఉండేది సవితా. నా తమ్ముడు గదా. గట్టు దిగి, రైస్‌మిల్లు దాటి ఎడమకి తిరుగు తిప్పా, మన రేకుల షెడ్డు కనపడతాది, అమ్మ ఆడనే కూసోనుంటాది అని చెప్పినా. చెప్పినంకనే బండి సద్దు ఇనపడింది."

నేను ఆయన్ని తిట్టలేదు. ముందు నడుస్తున్న మా అత్త చివరి మడిలో చివరి పిడికెడు చల్లి, చేతులు దులుపుకుని, వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నవ్వింది. పోదాం రండి, ఇంట్లో వాడొక్కడే ఉండాడు అంది.

అప్పటి నుంచి రోజూ దీపం పెట్టాక, నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడు, వెనక నుంచి "వదినా" అని వినిపిస్తుంది. ఆకలేసినప్పుడు తిప్పేశ్ గడప మీద నిలబడి పిలిచే పిలుపు అది. ఒక్కసారే పిలుస్తాడు. నేను పలకను. వెనక్కి తిరగను. మా అవ్వ నేర్పిన చదువు అంత సులభంగా మరిచేదాన్ని కాను. రెండోసారి పిలుస్తాడేమోనని గరిటె పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడతాను, అంతే. తర్వాత డబ్బా తీసి, ఎసట్లోకి ఇంకో పిడికెడు బియ్యం వేస్తాను.

మేం తిన్నాక మిగిలింది మూత పెట్టి ఉంచిన ఆ గిన్నె పొద్దున కడగబోతే, అందులో మెతుకు మిగిలి ఉండదు.